నది కొలతలకు కట్టిన ఓడ

ఓడ అనగానే తెలుగువారికి సముద్రం గుర్తుకు వస్తుంది. నదిలో నడిచేదాన్ని పడవ అంటాం, ఇంజనుంటే లాంచీ అంటాం, బండ్లనూ మనుషులనూ కలిపి దాటించేదయితే కృష్ణ ఒడ్డున బల్లకట్టు అనీ, కోనసీమలోనూ యానాం పరిసరాల్లోనూ పంటు అనీ అంటాం. ఈ విభజన మన నదుల అనుభవం నుంచి పుట్టింది. కానీ యూరప్‌లో రైన్, మైన్, డాన్యూబ్ నదుల మీద ఇవాళ తిరుగుతున్న ప్రయాణికుల నౌకల్లో పెద్దవి 135 మీటర్ల పొడవుంటాయి. ఒక్కొక్క దానిలో 190 మంది దాకా ప్రయాణికులు వారం, పది రోజులు గదుల్లో ఉండి, తిని, నిద్రపోయి, ఊరూరా దిగి చూస్తూ వెళతారు. దాన్ని పడవ అనడానికి నోరు రాదు. అలాగని దాన్ని నడిసముద్రంలోకి తీసుకుపోతే ఒక మాదిరి తుఫానుకు కూడా తట్టుకోదు. అందుచేత ఈ వ్యాసంలో దాన్ని 'నది ఓడ' అనే పిలుస్తాను.

ఈ నది ఓడను ఎలా రూపొందిస్తారన్నది ఇక్కడ విషయం. సముద్రపు ఓడను రూపొందించేవాడు ఎంత సరుకు, ఎంతమంది మనుషులు, ఎంత వేగం అన్న ప్రశ్నలతో మొదలుపెడతాడు. నది ఓడను రూపొందించేవాడు ముందుగా నది దగ్గరకు వెళ్ళి మూడు కొలతలు అడిగి తెచ్చుకోవాలి. దారిలో అన్నిటికంటే ఇరుకైన లాకు ఎంత వెడల్పు? అన్నిటికంటే కిందికి ఉన్న వంతెన ఎంత ఎత్తు? అన్నిటికంటే మెరక ఉన్న చోట నీరెంత లోతు? ఈ మూడూ తెలిసాక ఓడ ఆకారం చాలావరకు తేలిపోతుంది. మిగిలినదంతా ఆ పెట్టెలో మనుషులను సుఖంగా, ముఖ్యంగా క్షేమంగా ఎలా ఇమడ్చాలన్న సమస్యే.

లాకు అన్న మాట కోస్తా జిల్లాల వారికి వివరించనక్కరలేదు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన తరవాత తవ్విన కాలువల మీద పడవలు ఒక మట్టం నుంచి మరో మట్టానికి దిగడానికీ ఎక్కడానికీ కట్టిన తలుపుల గదులే లాకులు. ఇంగ్లీషు మాట తెలుగులో అంత బాగా ఇమిడిపోయి, ఊళ్ళలో కూడళ్ళ పేర్లుగా కూడా నిలిచింది. చెన్నపట్నంలో పెరిగిన విద్యార్థులకు బకింగ్‌హాం కాలువ పేరు తెలుసు గాని, ఇవాళ అది మురికి కాలువగానే కనిపిస్తుంది. ఒకప్పుడు ఆ కాలువ మీదుగా ఆంధ్ర తీరం నుంచి ఉప్పూ, ధాన్యమూ, కట్టెలూ పడవల్లో నగరానికి వచ్చేవి. లాకు పని తీరు ఎక్కడైనా ఒకటే. పడవ లోపలికి వస్తుంది, వెనక తలుపు మూస్తారు, నీరు నింపుతారు లేదా వదులుతారు, ముందు తలుపు తీస్తారు. మెట్టు దిగినట్టు పడవ నీటి మెట్టు దిగుతుంది.

రైన్ నదికి ఉపనది అయిన మైన్ నదినీ, డాన్యూబ్‌నూ కలిపే కాలువ జర్మనీలో 1992 సెప్టెంబరులో పూర్తిగా తెరిచారు. ఈ రెండు నదులనూ కలపాలన్న కోరిక చాలా పాతది. షార్లమేన్ చక్రవర్తి 793లోనే తవ్వించడం మొదలుపెట్టాడు. 1846లో ఒక చిన్న కాలువ తయారైంది గాని రైళ్ళ పోటీకి నిలవలేదు. ఇప్పటి కాలువ 171 కిలోమీటర్లు, 16 లాకులు. ఉత్తరం వైపు నుంచి వచ్చే ఓడ 11 లాకుల ద్వారా సుమారు 175 మీటర్లు పైకెక్కి, సముద్ర మట్టానికి 406 మీటర్ల ఎత్తున ఉన్న శిఖర భాగాన్ని దాటి, అయిదు లాకుల ద్వారా డాన్యూబ్ వైపు దాదాపు 68 మీటర్లు దిగుతుంది. ఒక్కొక్క లాకు ఒకేసారి 24 మీటర్లకు పైగా ఎత్తేవి కూడా ఉన్నాయి. అంటే ఎనిమిది అంతస్తుల మేడ ఎత్తు. కొండెక్కే ఓడ అంటే అతిశయోక్తి కాదు.

ఈ లాకుల గది వెడల్పు 12 మీటర్లు. అందువల్ల ఆమ్‌స్టర్‌డాం నుంచి బుడాపెస్ట్ దాకా పోవాలనుకునే ఓడ వెడల్పు సుమారు 11.4 మీటర్లకు మించదు. ఇటూ అటూ మిగిలేది ఒక్కొక్క జానెడు పైచిలుకు. గమనించండి, డాన్యూబ్ కింది భాగంలో లాకులు 24 మీటర్లు, 34 మీటర్ల వెడల్పు కూడా ఉన్నాయి. అక్కడ మాత్రమే తిరిగే ఓడ లావుగా ఉండవచ్చు. కానీ గొలుసులో బలహీనమైన కొక్కెం లాగా, దారిలో ఒక్క ఇరుకు లాకు చాలు, ఓడ వెడల్పు నిర్ణయమైపోతుంది. పొడవును రైన్ నది నియమాలు 135 మీటర్ల దగ్గర ఆపుతాయి. పొడవుకూ వెడల్పుకూ నిష్పత్తి దాదాపు పన్నెండు. సముద్రపు ఓడల్లో ఇది ఆరు, ఏడు దగ్గర ఉంటుంది. నది ఓడ పక్క నుంచి చూస్తే రైలు పెట్టెల వరసలా కనిపించడానికి కారణం ఇదే.

ఇక వంతెనలు. ఆ కాలువ మీద వంతెనల కింద దొరికే ఎత్తు నీటి నుంచి ఆరు మీటర్లు. అందులో మూడు అంతస్తులు ఇమడాలి. కింది అంతస్తు సగం నీటి మట్టానికి దిగువన ఉంటుంది. అక్కడి గదుల కిటికీలు చిన్నవిగా, పైకప్పుకు దగ్గరగా ఉంటాయి. కిటికీలోంచి చూస్తే హంసలు మన కంటి ఎత్తులో ఈదుతాయి. దాని పైన రెండు అంతస్తులు, ఆ పైన ఎండకు కూర్చునే కప్పు. సరంగు ఉండే గదిని హైడ్రాలిక్ జాకీల మీద నిలబెడతారు. వంతెన దగ్గరకు రాగానే ఆ గది మొత్తం లిఫ్టులా కిందికి దిగిపోతుంది. కప్పు మీద కటకటాలు, పందిళ్ళు, రాడార్ స్తంభం అన్నీ మడతపడతాయి. అప్పుడు ప్రయాణికులను పైకి రానివ్వరు. కొన్ని వంతెనల కింద నిలబడిన మనిషి తల తగిలేంత దగ్గరగా పోతుంది ఓడ. నది వరదగా ఉంటే నీటితో పాటు ఓడా పైకి లేస్తుంది కనుక వంతెన కింద చోటు తగ్గుతుంది. అప్పుడు ఆగిపోవడమే. నీరు తక్కువైనా ఇబ్బందే, ఎక్కువైనా ఇబ్బందే.

తక్కువైతే ఏమవుతుందో 2018లో చూశారు. రైన్ మీద కౌబ్ అనే ఊరి దగ్గరి నీటి కొలబద్ద ఆ అక్టోబరులో 25 సెంటీమీటర్లకు దిగిపోయింది. కొలబద్దలో సున్నా అంటే నది అడుగు కాదు. ఓడ దారి లోతు దానికంటే మీటరు పైగానే ఎక్కువ ఉంటుంది. అయినా ఆ లెక్కన ఒక మీటరున్నర కూడా లేదు. నది ఓడ నీటిలో మునిగే లోతు సుమారు మీటరున్నర నుంచి మీటరు ముప్పావు. కాబట్టి ఓడ కదలదు. అటువంటప్పుడు మెరకకు ఈవల ఒక ఓడనూ, ఆవల అదే నమూనా ఓడ మరొకదాన్నీ ఉంచి, నడుమ ప్రయాణికులను బస్సుల్లో తరలించడం అక్కడి కంపెనీల పద్ధతి. ఒకే నమూనాలో అనేక ఓడలు కట్టించడంలో ఉన్న లాభాల్లో ఇదొకటి. రెండో ఓడలో కూడా మీ గది నంబరు అదే, మంచం అదే.

లోతు తక్కువ కావడం ఓడ అడుగునూ, పంకాలనూ కూడా మార్చివేస్తుంది. అడుగు బల్లపరుపుగా ఉంటుంది. సముద్రపు ఓడకున్నట్టు పెద్ద పంకా పెడితే అది నేలకు తగులుతుంది. అందుచేత చిన్న పంకాలు రెండు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పెట్టి, ఓడ వెనక భాగంలో సొరంగం లాంటి గుంటలు తొలిచి వాటిలో అమరుస్తారు. చాలా కొత్త ఓడల్లో పంకా మొత్తం గుండ్రంగా తిరిగి ఏ దిక్కుకంటే ఆ దిక్కుకు నీటిని తోస్తుంది. అప్పుడు వేరే చుక్కాని అక్కరలేదు. (చుక్కాని మనకు అరబ్బీ నుంచి, లంగరు పారశీకం నుంచి, సరంగు కూడా పారశీకం నుంచి వచ్చిన మాటలు. వస్తువు మాయమైనా మాట ఉంటుందేమో చూడాలి.) ముందు భాగంలో అడ్డంగా తోసే మరో పంకా ఉంటుంది. అది లేకపోతే 135 మీటర్ల ఓడను జానెడు సందుతో లాకులోకి దూర్చడం కుదరదు.

మెరక నీటిలో మరొక చిత్రం ఉంది. ఓడ వేగం పెంచినకొద్దీ దాని అడుగుకూ నది నేలకూ మధ్య సందులో నీరు వడిగా పరుగెత్తుతుంది. వడి పెరిగితే ఒత్తిడి తగ్గుతుంది. దానితో ఓడ మరింత కిందికి దిగుతుంది. అంటే తొందరపడిన ఓడ తానే నేలకు అంటుకుంటుంది. అందుకే మెరక చోట్ల అనుభవజ్ఞుడైన సరంగు నెమ్మదిగా పోతాడు.

లోపలి అమరిక గురించి ఎక్కువ చెప్పను, అది హోటలు శాస్త్రం. ఒక్క విషయం మాత్రం ముచ్చటైనది. 2012 నుంచి వైకింగ్ కంపెనీకి జర్మనీలోని రోస్టాక్ దగ్గర కట్టిన వరస ఓడల్లో నడవాను ఓడ మధ్యగీత మీద కాకుండా కాస్త ఒక పక్కకు జరిపారు. ఒక వైపు గదులు సన్నగిల్లాయి, మరొక వైపు రెండేసి గదుల పెద్ద వాటాలకు చోటు దొరికింది. ముందు భాగాన్ని కోసుగా కాక మొద్దుగా కట్టి ఆ చోటును కూర్చునేందుకు వదిలారు. నదిలో పెద్ద అలలు లేవు గనుక ముక్కు కోసుగా ఉండనక్కరలేదు.

కట్టడం సంగతి. ఉక్కు రేకులను కోసి, పక్కటెముకల్లాంటి బద్దలు అతికి, ముక్కలు ముక్కలుగా పెద్ద షెడ్లలో తయారుచేస్తారు. కింది నుంచి పైకి చూస్తూ అతకడం కష్టం, అతుకూ బాగా రాదు. కాబట్టి ముక్కను తలకిందులుగా పెట్టి అతికి, తరవాత క్రేనుతో తిరగేస్తారు. అటువంటి ముక్కలను వరసగా చేర్చితే ఓడ దేహం అవుతుంది. చాలా ఓడల దేహాలు రుమేనియాలోనో సెర్బియాలోనో తయారై, లోపలి పని కోసం నెదర్లాండ్స్‌కు నీటి దారినే లాగించుకుపోతారు. దేహాన్ని అడ్డుగోడలతో అరలు అరలుగా విడగొట్టడం ఇందులో కీలకం. పెద్ద ప్రయాణికుల ఓడకు పక్కపక్కనున్న రెండు అరలు నీటితో నిండినా మునగకూడదని యూరప్ నియమం. కొబ్బరి తోటల సీమ నుంచి వచ్చిన విద్యార్థికి ఇంకోలా చెప్పవచ్చు. బోదె ఒకచోట పుచ్చినా చెట్టు నిలబడేట్టు కట్టాలన్నమాట.

ఇక అసలు లెక్క. ప్రయాణికుల ఓడకూ సరుకు ఓడకూ తేడా ఏమిటంటే, సరుకు పెట్టినచోట ఉంటుంది, మనుషులు ఉండరు. ఒడ్డున ఏనుగు కనబడితే అందరూ ఒక పక్కకు చేరతారు. కనుక రూపశిల్పి రెండు బిందువులను పట్టుకుని లెక్క వేస్తాడు. ఓడ బరువంతా కేంద్రీకృతమైనట్టు భావించే చోటు గరిమనాభి. రెండోది మెటాసెంటర్. ఓడ కొద్దిగా ఒరిగినప్పుడు నీరు దాన్ని పైకి నెట్టే రేఖ ఓడ మధ్యగీతను ఎక్కడ ఖండిస్తుందో ఆ చోటు అది. ఓడ ఊయల వంటిదనుకుంటే మెటాసెంటర్ దాన్ని వేలాడదీసిన కొక్కెం. గరిమనాభి కొక్కేనికి కింద ఉన్నంతసేపు ఒరిగిన ఓడ తిరిగి లేస్తుంది. పైకి పోతే లేవదు.

ఈ కొక్కెం ఎంత ఎత్తున ఉంటుందన్నది ముఖ్యంగా వెడల్పు మీద ఆధారపడుతుంది. పెట్టె ఆకారపు పడవకయితే వెడల్పు వర్గాన్ని మునిగిన లోతుకు పన్నెండు రెట్లతో భాగిస్తే, నీటి ఊపు కేంద్రం నుంచి కొక్కెం ఎంత పైన ఉందో వస్తుంది. 11.4 మీటర్ల వెడల్పు, 1.6 మీటర్ల లోతుకు అది దాదాపు 6.8 మీటర్లు. 4 మీటర్ల వెడల్పు, 0.6 మీటర్ల లోతున్న చిన్న పడవకు 2.2 మీటర్లే. మునిగే లోతు మారకుండా వెడల్పు సగమైతే కొక్కెం ఎత్తు నాలుగో వంతుకు పడిపోతుంది.

నది ఓడ బరువు సుమారు 2,200 టన్నులు అనుకుందాం. నియమాల ప్రకారం మనిషికి 75 కిలోలు లెక్క. 190 మంది అంటే పద్నాలుగు టన్నులు. అందరూ ఒక పక్కకు నాలుగు మీటర్లు జరిగినా, గరిమనాభికీ కొక్కేనికీ మూడు మీటర్ల ఎడం ఉందనుకుంటే, ఓడ అర డిగ్రీ ఒరుగుతుంది. గ్లాసులో నీళ్ళు కూడా తొణకవు. నియమం 12 డిగ్రీలు దాటకూడదంటుంది.

ఇప్పుడు ఇరవై మీటర్ల పొడవూ, పైన చెప్పిన వెడల్పూ లోతూ ఉన్న ఒక ఊహా పడవను తీసుకోండి. మనుషులతో కలిపి దాని బరువు 48 టన్నులు. అందులో 80 మంది అంటే ఆరు టన్నులు, మొత్తంలో ఎనిమిదో వంతు. గరిమనాభి అడుగు నుంచి 1.6 మీటర్ల ఎత్తున ఉందనుకుంటే, అందరూ కింద కూర్చుని పక్కకు ఒక్క మీటరు జరిగితే పడవ దాదాపు ఎనిమిది డిగ్రీలు ఒరుగుతుంది. అదే 80 మందీ 2.2 మీటర్ల పైనున్న మేడ మీదికి ఎక్కి అంతే జరిగితే, గరిమనాభి పైకి పోయినందువల్ల ఒరుగు పదకొండు డిగ్రీలకు చేరుతుంది. అప్పుడు పడవ అంచు దాదాపు 38 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. అంచు నీటికి 40 సెంటీమీటర్ల ఎత్తునే ఉంటే ఇంక మిగిలింది వేలెడు. ఆ సమయంలో ఒక సుడి, ఒక గాలి విసురు, ఒక పెద్ద మలుపు చాలు. మేడ మీదికి జనాన్ని ఎక్కనివ్వడంలో ఉన్న ప్రమాదం బరువు పెరగడం కాదు, బరువు ఎత్తుకు పోవడం. ఇది చాలామంది పడవ యజమానులకు ఎంత చెప్పినా ఎక్కదు. పడవ నీటిలో మునిగిన గీత రెండు సందర్భాల్లోనూ ఒకటే కదా అంటారు. గీత ఒకటే, కొక్కేనికి ఎడం వేరు.

2019లో రెండు ప్రమాదాలు జరిగాయి. మే 29 రాత్రి బుడాపెస్ట్‌లో మార్గరెట్ వంతెన దగ్గర 135 మీటర్ల నది ఓడ ఒకటి, 1949 నాటి హబ్లెయాన్ అనే 27 మీటర్ల విహార పడవను వెనక నుంచి తాకింది. పడవ క్షణాల్లో మునిగింది. అందులో ఉన్న 35 మందిలో ఏడుగురే బతికారు. పెద్ద ఓడలో ఎవరికీ ఏమీ కాలేదు. సెప్టెంబరు 15న మన గోదావరిలో పాపికొండలకు వెళుతున్న విహార పడవ కచ్చులూరు దగ్గర సుడిలో తిరగబడింది. అందులో ఉన్నవారు డెబ్బై మందికి పైగా, బయటపడినవారు 26 మంది. పడవను పైకి తీయడానికి అయిదు వారాలు దాటింది. రైన్ మీద ఓడ మునిగినా చాలాచోట్ల నేలకు ఆని పై అంతస్తు నీటి పైనే ఉంటుంది. కొండల నడుమ గోదావరికి ఆ దయ లేదు. అక్కడ నది ఇరుకు, లోతు చాలా ఎక్కువ, వరద రోజుల్లో వడి చెప్పనలవి కాదు. కాబట్టి యూరప్ నమూనాను తెచ్చి ఇక్కడ దింపితే సరిపోదు. తీసుకోవలసింది లెక్క, పడవ కాదు.

ఆ లెక్కకు చివరి పరీక్ష చాలా సాదాది. పడవ కట్టడం పూర్తయ్యాక, గాలి లేని రోజున, నిలకడ నీటిలో, తాళ్ళు వదులుగా ఉంచి, తూచిన ఇనుప దిమ్మలను ఒక పక్క నుంచి మరో పక్కకు జరుపుతారు. లోపల వేలాడదీసిన లోలకం ఎంత జరిగిందో స్కేలుతో కొలుస్తారు. బరువు తెలుసు, జరిపిన దూరం తెలుసు, ఒరిగిన కోణం తెలిసింది. గరిమనాభి ఎక్కడుందో లెక్కలో దొరుకుతుంది. కాగితం మీది ఊహ కాక నిజంగా కట్టిన పడవ చెప్పిన సమాధానం అది. తరవాత మేడ మీద పందిరి వేసినా, ఇంజను మార్చినా, ఏసీ యంత్రాలు పైన పెట్టినా ఆ సమాధానం చెల్లదు. మళ్ళీ పరీక్ష చేయాలి. 1917 నాటి చట్టం స్థానంలో మనదేశంలో 2021లో వచ్చిన అంతర్దేశీయ నౌకల చట్టం రాష్ట్రానికో తీరుగా ఉన్న నమోదునూ తనిఖీనీ దేశమంతటికీ ఒకే పద్ధతిలోకి తేవడానికి ఉద్దేశించింది. యానాం దగ్గర పంటు ఎక్కే విద్యార్థి, చిలికలో లాంచీ ఎక్కే విద్యార్థి ఇప్పుడు ఒకే చట్టం కింద ప్రయాణిస్తున్నారన్నమాట.

వెడల్పు పెంచడానికి లాకులు అడ్డురాని చోట మరో ఉపాయం ఉంది. ఒక లావు దేహం బదులు రెండు సన్నని దేహాలను ఎడంగా నిలిపి పైన వేదిక వేస్తే, బరువు పెరగకుండానే కొక్కెం చాలా పైకి పోతుంది. 2023 ఏప్రిల్‌లో కొచ్చిలో మొదలైన జల మెట్రో పడవలు ఈ పద్ధతివే. కొచ్చి ఓడల కర్మాగారం అల్యూమినియంతో కట్టింది, బ్యాటరీలతో నడుస్తాయి, పెద్దవాటిలో వందమంది పడతారు. ఈ జంట దేహాల పడవకు ఇంగ్లీషులో ఉన్న పేరు కాటమరాన్. అది తమిళ కట్టుమరమే, దుంగలు కట్టిన తెప్ప. మన జాలరులు తెప్ప అనే దానికి రెండు దేహాలు ఎప్పుడూ లేవు. మాట సముద్రాలు దాటి అర్థం మార్చుకుని తిరిగి వచ్చింది. తుంగభద్ర మీది హరిగోలును కూడా ఇక్కడ తలచుకోవచ్చు. తెలుగులో పుట్టి, తమిళంలో పరిసల్ అనే ఆ గుండ్రటి బుట్ట వెడల్పూ లోతుల నిష్పత్తిలో ఈ ఆధునిక పడవలకు తీసిపోదు, మనుషులు అందులో లేచి నిలబడనంతవరకు. కొచ్చిలో రేవులు కూడా తేలేవే. ఆటుపోట్లకు నీటితో పాటు లేచి దిగుతాయి కనుక రేవు అంచూ, పడవ అంతస్తూ ఎప్పుడూ ఒకే మట్టంలో ఉంటాయి. చక్రాల కుర్చీ మీద వచ్చిన మనిషి ఎవరి చేయీ పట్టుకోకుండా పడవలోకి పోవచ్చు. ఇంగ్లీషులో ఆ తేలే రేవును పాంటూన్ అంటారు. కోనసీమ పంటు ఆ మాట నుంచే వచ్చినట్టు నాకు తోస్తుంది.